కాంటా గదిలో ఆగని ప్రాసెస్‌లు: వెనకాల నడిచే రీడర్‌ను శుభ్రంగా ఆపడం ఎలా

మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు రైస్ మిల్లుల్లో వేబ్రిడ్జి గదిలో ఉండే కంప్యూటర్‌కు పని చిన్నదే. వడ్ల లారీ కాంటా ఎక్కుతుంది, గుమాస్తా బటన్ నొక్కుతాడు, ఇండికేటర్ నుంచి బరువు వస్తుంది, చిట్టీ ప్రింట్ అవుతుంది. చాలా సాఫ్ట్‌వేర్లలో ఇండికేటర్‌ను చదివే పని ఒక చిన్న రీడర్ ప్రోగ్రాంది. బటన్ నొక్కగానే ప్రధాన సాఫ్ట్‌వేర్ దాన్ని వెనకాల మొదలుపెడుతుంది, బరువు నిలబడగానే ఆపేస్తుంది. పని తక్కువున్న నెలల్లో ఏ ఇబ్బందీ ఉండదు. యాసంగి వడ్లు దిగడం మొదలైన మూడో రోజుకు "తెరిచిన ఫైళ్లు మరీ ఎక్కువయ్యాయి" అనే 24వ నంబరు ఎర్రర్ వస్తుంది, కాంటా మీద లారీ, గేటు బయట లారీల వరుస. కంప్యూటర్ ఆపి వేస్తే బాగవుతుంది. మళ్లీ మూడో రోజుకు అదే కథ.

కంప్యూటర్ పాతది కావడమో, లారీలు ఎక్కువ కావడమో దీనికి కారణం అనుకుని కొత్త మిషన్ కొంటారు. అదీ మూడో రోజే ఆగుతుంది. ఎందుకంటే ఇక్కడ తేడా వేగానిది కాదు, లెక్కది. రోజుకు 60 లారీలు అనుకుందాం. ఒక్కో లారీకి నిండు బరువు ఒకసారి, ఖాళీ బరువు ఒకసారి, అంటే రీడర్ 120 సార్లు మొదలై ఆగుతుంది. మొదలైన ప్రతిసారీ ప్రధాన సాఫ్ట్‌వేర్ దగ్గర మూడు పైపులు (రెండు ప్రోగ్రాంల మధ్య డేటా పోయే దారులు) తెరుచుకుంటాయి: రీడర్‌కు మాట పంపేది ఒకటి, దాని జవాబు వచ్చేది ఒకటి, దాని ఎర్రర్లు వచ్చేది ఒకటి. వాటిని మూయకపోతే రోజుకు 360 ఫైల్ డిస్క్రిప్టర్లు (తెరిచిన ఫైల్‌కో పైపుకో సిస్టమ్ ఇచ్చే నంబర్లు) మిగిలిపోతాయి. లైనక్స్‌లో ఒక ప్రాసెస్‌కు, అంటే నడుస్తున్న ప్రోగ్రాంకు, మామూలుగా ఉండే పరిమితి 1024. అంటే 340వ తూకానికి కాస్త ముందే, మూడో రోజు సాయంత్రంలోపు, తలుపులు మూసుకుంటాయి. పని లేని రోజుల్లో రోజుకు 5 లారీలే వస్తే అదే 1024 నిండటానికి 34 రోజులు పడుతుంది. ఈలోపు ఏదో ఒక పండగకో, కరెంటు పోయినప్పుడో కంప్యూటర్ ఆగి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అందుకే ఈ జబ్బు సీజన్‌లోనే బయటపడుతుంది. నల్లగొండ బత్తాయి మార్కెట్లో కాంటా అయినా, పాలమూరు వైపు పత్తి జిన్నింగ్ మిల్లులో కాంటా అయినా, బోరు మోటరును ఆన్ ఆఫ్ చేసే కంట్రోలర్ అయినా ఇదే లెక్క.

కింద చెప్పిన పేర్లు లైనక్స్, పైథాన్‌వి. విండోస్ గురించి చివర్లో వేరుగా ఉంది.

ముందు కొలవండి

కోడ్ ముట్టుకోకముందు ఏది మిగిలిపోతోందో తేల్చుకోవాలి. ప్రధాన సాఫ్ట్‌వేర్ పీఐడీని, అంటే సిస్టమ్ ప్రతి ప్రాసెస్‌కూ ఇచ్చే నంబరును, తెలుసుకుని, ప్రాక్ ఫోల్డర్‌లో ఆ నంబరు ఫోల్డర్ కింద ఉండే ఎఫ్‌డీ ఫోల్డర్‌లో ఎన్ని ఎంట్రీలున్నాయో లెక్కపెట్టండి. ఎల్‌ఎస్ ఆదేశం చాలు. ఒక కాగితం మీద రాసుకోండి: మొదట ఎన్ని, పది తూకాల తర్వాత ఎన్ని, ఇరవై తర్వాత ఎన్ని.

మొదట 14 ఉండి, పది తూకాలకు 44, ఇరవైకి 74 అయితే తూకానికి కచ్చితంగా మూడు చొప్పున పెరుగుతున్నాయి. ఈ పెరుగుదల అంకే దొంగ ఆచూకీ చెబుతుంది. మూడు అంటే మూడు పైపులూ మిగిలాయి. ఒకటి అంటే జవాబు పైపు ఒక్కటే తెరిచి వదిలేశారు, లేదంటే ప్రతిసారీ లాగ్ ఫైల్ కొత్తగా తెరుస్తున్నారు. అప్పుడప్పుడూ మాత్రమే పెరుగుతుంటే తప్పు మామూలు దారిలో లేదు, ఎర్రర్ దారిలో ఉంది: పోర్టు దొరక్కపోయినప్పుడో, టైమ్ అయిపోయినప్పుడో మధ్యలోనే ఫంక్షన్ నుంచి బయటికి వచ్చేస్తున్నారు, మూసే వరుస దాకా పోవడం లేదు. అదే ఫోల్డర్‌లో ఎల్‌ఎస్‌కు ఎల్ ఆప్షన్ ఇస్తే ఒక్కో నంబరు పైపుకు పోతోందా, సాకెట్‌కు పోతోందా, ఏ ఫైల్‌కు పోతోందో బాణం గుర్తుతో కనిపిస్తుంది.

తర్వాత పీఎస్ ఆదేశంతో ప్రాసెస్‌ల జాబితా తీయండి. స్థితి వరుసలో ఇంగ్లిషు జెడ్ అక్షరం, పేరు పక్కన డిఫంక్ట్ అని ఉన్నవి జాంబీలు. రీడర్ పేరుతోనే ఉండి, జాంబీ కాకుండా, తల్లి (తనను మొదలుపెట్టిన ప్రాసెస్) పీఐడీ 1 చూపిస్తున్నవి అనాథలు. కొన్ని డెస్క్‌టాప్‌లలో 1కి బదులు యూజర్ సెషన్‌ను చూసుకునే సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులను నడిపే ప్రోగ్రాం) నంబరు కనిపిస్తుంది, అర్థం మాత్రం అదే. జాంబీలు, అనాథలు రెండూ వేర్వేరు జబ్బులు, మందులూ వేరు. వీటితోపాటు థ్రెడ్‌ల (ఒకే ప్రాసెస్‌లో పక్కపక్కన నడిచే పనుల) సంఖ్య కూడా రాసుకోండి. ప్రాక్ కింద స్టేటస్ ఫైల్‌లో థ్రెడ్స్ అనే వరుసలో ఉంటుంది.

జాంబీని చంపలేరు

పిల్ల ప్రాసెస్ పని ముగించి పోయాక, అది ఏ కోడ్‌తో ముగిసిందో తల్లి వచ్చి అడిగేదాకా కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఒక చిన్న ఎంట్రీ అట్టిపెడుతుంది. అదే జాంబీ. దానికి మెమరీ లేదు, ఫైళ్లు లేవు, పీఐడీ నంబరు మాత్రం పట్టుకుని కూర్చుంటుంది. ఇప్పటికే చచ్చిన దానికి 9వ నంబరు సిగ్నల్ (బలవంతంగా ఆపేది) పంపినా ఏమీ కాదు. తల్లి వెయిట్ అని పిలవాలి, లేదా తల్లే పోవాలి. తల్లి పోతే 1వ నంబరు ప్రాసెస్ వాటిని దత్తత తీసుకుని శుభ్రం చేస్తుంది. కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే అంతా బాగైనట్టు కనిపించడం అందుకే.

పైథాన్‌లో ఒక మెలిక ఉంది. పోపెన్ (ఇంకో ప్రోగ్రాంను మొదలుపెట్టేది) ఆబ్జెక్టును ఎక్కడా దాచకుండా వదిలేస్తే, తర్వాతిసారి ఇంకో పోపెన్ పిలిచినప్పుడు లైబ్రరీయే పాత జాంబీలను ఊడ్చేస్తుంది, పైపులు కూడా ఆబ్జెక్టుతోపాటు మూసుకుపోతాయి. కాబట్టి నిర్లక్ష్యంగా రాసిన చిన్న స్క్రిప్టులో లీక్ కనబడదు. జాగ్రత్తగా రాశామనుకుని ప్రతి రీడర్‌నూ లారీ నంబరుతో ఒక డిక్షనరీలో పెట్టి, ఆపాక ఆ ఎంట్రీ తీయడం మరిచిపోయిన కోడ్‌లోనే లీక్ పూర్తిగా కనబడుతుంది. డిక్షనరీలో పెట్టే వరుస రాసిన నిమిషమే తీసే వరుస కూడా రాయండి. ఊడ్చే పనిని లైబ్రరీ మీద వదలకండి, వెయిట్ మీరే పిలవండి.

సీ భాషలో రాసేవారు ఎస్‌ఐజీచైల్డ్ సిగ్నల్ వచ్చినప్పుడు వెయిట్‌పీఐడీని ఒక్కసారి పిలిచి సరిపెట్టుకుంటారు. ఇద్దరు పిల్లలు ఒకేసారి పోతే సిగ్నల్ ఒక్కటే రావచ్చు. ఇంకెవరూ లేరని జవాబు వచ్చేదాకా లూప్‌లో పిలవాలి.

పైపు నిండితే రీడర్ బిగుసుకుపోతుంది

లైనక్స్‌లో ఒక పైపులో మామూలుగా 65,536 బైట్లు పడతాయి. అటు చివర ఎవరూ చదవకపోతే, అది నిండాక రాసే ప్రాసెస్ అక్కడే నిలబడిపోతుంది. రీడర్ ఒక్కో కొలతకు 16 అక్షరాలు, సెకనుకు 10 కొలతలు రాస్తోందనుకోండి. సెకనుకు 160 బైట్లు. పైపు నిండటానికి దాదాపు 410 సెకన్లు, అంటే ఏడు నిమిషాల లోపే. మామూలు తూకం రెండు నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి ఇది బయటపడదు. డ్రైవర్ లారీని కాంటా మీదే ఆపి చాయ్ తాగడానికి పోయిన రోజు బయటపడుతుంది.

అలా నిలబడిపోయిన రీడర్‌కు ఆగిపొమ్మని 15వ నంబరు టర్మ్ సిగ్నల్ పంపితే? మామూలు ప్రోగ్రాం అయితే పోతుంది. పైథాన్ 3.5 నుంచి మాత్రం ఇంకో సంగతి ఉంది. రీడర్‌లో టర్మ్‌కు సొంత హ్యాండ్లర్ రాసి, అందులో "ఆగాలి" అనే ఒక జెండా మాత్రమే ఎత్తితే, హ్యాండ్లర్ అయిపోగానే పైథాన్ ఆగిపోయిన రాతను మళ్లీ మొదలుపెడుతుంది. పైపు ఇంకా నిండే ఉంది. రీడర్ మళ్లీ అక్కడే నిలబడుతుంది, జెండాను చూసే వరుస దాకా ఎప్పటికీ రాదు. ఇటు ప్రధాన సాఫ్ట్‌వేర్ టైమ్ పరిమితి లేకుండా వెయిట్ పిలిచి ఉంటే, ఆయన కోసం ఈయన, ఈయన కోసం ఆయన, ఇద్దరూ ఆగిపోతారు.

నివారణ సులువే. చదవని పైపు తెరవకండి. ఎర్రర్లు మీకు అక్కర్లేకపోతే డెవ్‌నల్‌కు (వచ్చిందంతా పారేసే చోటు) పంపండి, కావాలంటే ఒక లాగ్ ఫైల్‌కు పంపండి. దీంతో తూకానికి మూడు డిస్క్రిప్టర్లు కాస్తా రెండవుతాయి. జవాబు పైపును చదవడానికి థ్రెడ్ పెడితే, బరువు దొరికాక కూడా అది చదువుతూనే ఉండాలి, పైపు ముగిసిందని తెలిసేదాకా.

మనవడి ప్రాసెస్, తప్పు తూకం

ఇది మిగతావాటికన్నా పెద్ద విషయం. ఎర్రర్ వస్తే లారీ ఆగుతుంది, అంతే. ఇక్కడ ఎర్రర్ రాదు, బరువే తప్పు వస్తుంది. అది రైతుకో మిల్లుకో నేరుగా నష్టం.

రీడర్‌ను షెల్ (ఆదేశాలను నడిపే ప్రోగ్రాం) ద్వారా మొదలుపెట్టారనుకోండి, అదీ పైప్‌లైన్ పెట్టి, జవాబును ఇంకో ఆదేశానికి పంపుతూ. అప్పుడు మీ చేతిలో ఉన్న పీఐడీ షెల్‌ది. అసలు రీడర్ దాని కింద ఉంది, అంటే మీకు మనవడు. మీరు టర్మినేట్ పిలిస్తే షెల్ పోతుంది, మనవడు అనాథై బతికే ఉంటాడు, సీరియల్ పోర్టు పట్టుకునే ఉంటాడు. తర్వాతి లారీకి ఇంకో రీడర్ అదే పోర్టు తెరుస్తుంది. లైనక్స్ దాన్ని ఆపదు. ఇప్పుడు ఒకే తీగ మీద ఇద్దరు చదువుతున్నారు. ఇండికేటర్ పంపిన అక్షరాల్లో కొన్ని వీడికి, కొన్ని వాడికి పోతాయి. ఇండికేటర్ మీద 24560 అని ఉంటుంది, స్క్రీన్ మీద 2460 అని పడుతుంది. ఇంకోసారి 4560. తీగ వదులైందనుకుని కనెక్టర్లు మారుస్తారు, ఇండికేటర్ కంపెనీవాళ్లను పిలుస్తారు. అసలు దొంగ పీఎస్ జాబితాలో ఉంటాడు.

దీనికి మూడు కట్టుదిట్టాలు చేయాలి, మూడూ కావాలి.

షెల్ వద్దు. ప్రోగ్రాం పేరు, దాని ఆర్గ్యుమెంట్లు ఒక లిస్టుగా ఇచ్చి నేరుగా మొదలుపెట్టండి. అప్పుడు చేతిలోని పీఐడీ రీడర్‌దే.

పోపెన్‌కు స్టార్ట్ న్యూ సెషన్ ఆప్షన్ ట్రూ ఇవ్వండి. రీడర్, దానికి పుట్టే పిల్లలు అంతా ఒకే గ్రూపులో ఉంటారు, కిల్‌పీజీ అనే ఒక్క పిలుపుతో గ్రూపు మొత్తానికి సిగ్నల్ పోతుంది. దీనికో వెల ఉంది: టెర్మినల్‌లో కంట్రోల్ సీ నొక్కితే అది ఇక రీడర్‌కు చేరదు. కాబట్టి ప్రధాన సాఫ్ట్‌వేర్ ముగిసేటప్పుడు తానే ఆపి పోవాలి.

పోర్టును ఒక్కరే తెరిచేలా చేయండి. పైసీరియల్‌లో (సీరియల్ పోర్టు చదివే పైథాన్ లైబ్రరీ) ఎక్స్‌క్లూజివ్ ఆప్షన్ ట్రూ ఇస్తే, రెండో రీడర్‌కు పోర్టు తెరవగానే ఎర్రర్ వస్తుంది. తప్పు బరువు వచ్చేకన్నా ఎర్రర్ రావడమే మేలు. ఈ తాళం రెండు వైపులా పైసీరియల్, ఈ ఆప్షన్ ఉన్నప్పుడే పని చేస్తుంది. వేరే ప్రోగ్రాం కూడా చదువుతుంటే టీఐఓసీఈఎక్స్‌సీఎల్ అనే ఐఓసీటీఎల్ పిలుపు వాడాలి, రూట్ యూజర్‌ను అదీ ఆపదు.

ఇదే దోవలో ఇంకో తంటా. మిల్లులో పెద్ద మోటర్లు ఎక్కినప్పుడు కరెంటు కుంగి, యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే కన్వర్టర్ ఒక్క క్షణం ఊడిపోయి మళ్లీ తగులుకుంటుంది. పాత రీడర్ ఎవరైనా టీటీవై యూఎస్‌బీ 0ను (లైనక్స్ ఆ కన్వర్టర్‌కు పెట్టే పేరు) ఇంకా తెరిచి పట్టుకుని ఉంటే, ఆ పేరు ఖాళీ కాదు, కన్వర్టర్ టీటీవై యూఎస్‌బీ 1గా వస్తుంది. సాఫ్ట్‌వేర్ సెట్టింగ్‌లో 0 అనే ఉంటుంది. డెవ్ కింద సీరియల్ ఫోల్డర్‌లో బై ఐడీ పేర్లు వాడితే ఈ ఇబ్బంది పోతుంది. చవక కన్వర్టర్లలో సీరియల్ నంబరు ఉండదు కాబట్టి ఒకే రకంవి రెండు పెడితే బై ఐడీ పేరు కలిసిపోతుంది. అప్పుడు బై పాత్ వాడండి, ఏ కన్వర్టర్ ఏ యూఎస్‌బీ రంధ్రంలో ఉండాలో స్కెచ్ పెన్నుతో రాసిపెట్టండి.

ఆపే వరుస

ఆపడం ఒక్క పిలుపు కాదు, ఒక వరుస. ఏ మెట్టు ఎందుకో తెలిస్తే వరుస తప్పదు.

1. రీడర్‌కు మాట పంపే పైపును మూయండి. రీడర్ ఆ పైపును ఒక థ్రెడ్‌లో చదువుతూ, అది ముగియగానే తానే పోర్టు మూసి బయటికి రావాలి. రీడర్‌ను ఇలా రాయడం అన్నిటికన్నా విలువైన అలవాటు. ప్రధాన సాఫ్ట్‌వేర్ 9వ సిగ్నల్ తగిలి అకస్మాత్తుగా పోయినా సరే కెర్నెలే పైపు మూస్తుంది, రీడర్ అనాథగా మిగలదు. విండోస్‌లోనూ ఇదే పని చేస్తుంది.

2. వెయిట్‌కు 3 సెకన్ల పరిమితి ఇచ్చి చూడండి.

3. పోకపోతే గ్రూపు మొత్తానికి టర్మ్ పంపండి. ఇంకో 5 సెకన్లు.

4. అప్పటికీ పోకపోతే గ్రూపుకు 9వ సిగ్నల్. మొదటి మెట్టులోనే దీన్ని వాడకండి. 9 తగిలిన ప్రాసెస్‌కు లాక్ ఫైల్ తీసే అవకాశం, తాత్కాలిక ఫైల్ చెరిపే అవకాశం ఏదీ ఉండదు.

5. 9 పంపాక మళ్లీ వెయిట్ పిలవండి. చాలా కోడ్‌లలో లేనిది ఈ మెట్టే, జాంబీలు పుట్టేదీ ఇక్కడే.

6. రీడర్ మర్యాదగా రెండో మెట్టులోనే పోయినా, గ్రూపుకు ఒకసారి సిగ్నల్ పంపి మనవళ్లు మిగల్లేదని నిర్ధారించుకోండి. గ్రూపు ఖాళీ అయితే అలాంటి ప్రాసెస్ లేదని ఎర్రర్ వస్తుంది, దాన్ని పట్టించుకోవద్దు. ఇది వెయిట్ ముగిసిన వెంటనే చేయాలి. గంట తర్వాత చేస్తే అదే నంబరు ఇంకెవరికో వచ్చి ఉండవచ్చు.

7. జవాబు చదివే థ్రెడ్‌ను జాయిన్ చేయండి, 2 సెకన్ల పరిమితితో. థ్రెడ్ ముగియకపోతే అది సంకేతం: పైపు అటు చివరను ఇంకా ఎవరో పట్టుకున్నారు, అంటే మనవడు బతికే ఉన్నాడు. దీన్ని లాగ్‌లో తప్పకుండా రాయండి.

8. మిగిలిన పైపులు మూయండి, డిక్షనరీలోంచి ఎంట్రీ తీయండి.

ఈ ఎనిమిదీ ఒకే ఫంక్షన్‌లో ఉండాలి, దాన్ని ఫైనల్లీ బ్లాక్ నుంచి పిలవాలి. రెండుసార్లు పిలిచినా ఇబ్బంది రాకూడదు, ఎందుకంటే గుమాస్తా ఆపే బటన్ రెండుసార్లు నొక్కుతాడు. మొదలుపెట్టేటప్పుడు సగంలో విఫలమైనా, అంటే రీడర్ పుట్టి థ్రెడ్ పుట్టకముందే ఎర్రర్ వచ్చినా, ఇదే ఫంక్షన్ ఉన్నంతవరకు శుభ్రం చేయగలగాలి.

నోడ్‌లో (జావాస్క్రిప్ట్) రాసేవారు ఎగ్జిట్ అనే ఈవెంట్ కోసం కాకుండా క్లోజ్ ఈవెంట్ కోసం ఆగండి. మొదటిది ప్రాసెస్ పోగానే వస్తుంది, రెండోది పైపులు కూడా మూసుకున్నాకే వస్తుంది. ఒకే ఈవెంట్‌కు లిజనర్లు 10 దాటితే నోడ్ హెచ్చరిక ఇస్తుంది. పరిమితి పెంచి ఆ హెచ్చరిక నోరు మూయకండి, ప్రతి తూకానికీ కొత్త లిజనర్ తగిలిస్తున్నారని అది చెబుతోంది. జావాలో డెస్ట్రాయ్, టైమ్ పరిమితితో వెయిట్‌ఫర్, ఆ తర్వాత డెస్ట్రాయ్ ఫోర్సిబ్లీ, చివర మూడు స్ట్రీములు మూయడం. మనవళ్లను పట్టుకోవడానికి జావా 9 నుంచి ప్రాసెస్ హ్యాండిల్‌లో డిసెండెంట్స్ ఉంది.

ప్రాసెస్ పోయినా పోనివి

పైపులు, జాంబీలు కనీసం ప్రధాన సాఫ్ట్‌వేర్‌ను ఆపితే పోతాయి. డిస్కు మీద, షేర్డ్ మెమరీలో వదిలేసినవి అలా కూడా పోవు.

లారీ ఫొటో తీసే కెమెరా ప్రాసెస్ ఉంటే ముందు డెవ్ కింద ఎస్‌హెచ్‌ఎం ఫోల్డర్ (ప్రాసెస్‌లు పంచుకునే షేర్డ్ మెమరీ) చూడండి. 1920 బై 1080 రంగుల ఫ్రేమ్ ఒకటి 62,20,800 బైట్లు. 4 జీబీ ర్యామ్ ఉన్న మిషన్‌లో ఆ ఫోల్డర్‌కు మామూలుగా సగం, అంటే సుమారు 2 జీబీ ఇస్తారు. దాదాపు 340 ఫ్రేములకు నిండిపోతుంది, ఇదీ మూడో రోజే. షేర్డ్ మెమరీకి క్లోజ్ వేరు, అన్‌లింక్ వేరు. క్లోజ్ అంటే నేను చూడటం మానేశాను అని, అన్‌లింక్ అంటే తీసి పారేయమని. వాడిన ప్రతివాడూ క్లోజ్ చేయాలి, పుట్టించినవాడు ఒక్కడే ఒక్కసారి అన్‌లింక్ చేయాలి.

లాక్ ఫైల్‌లో పీఐడీ రాసి, అది ఉంటే రీడర్ నడుస్తోందని అనుకునే పద్ధతి మానేయండి. కరెంటు పోయి వచ్చాక ఫైల్ అలాగే ఉంటుంది, అందులోని 1210 అనే నంబరు ఇప్పుడు ప్రింటర్ సర్వీసుది కావచ్చు. మీ సాఫ్ట్‌వేర్ దాన్ని చంపేస్తుంది, చిట్టీలు ఆగిపోతాయి. దానికి బదులు ఎఫ్‌లాక్ వాడండి, ప్రాసెస్ ఎలా పోయినా కెర్నెలే తాళం తీస్తుంది. ఆ డిస్క్రిప్టర్ పిల్లలకు వారసత్వంగా పోతే మాత్రం తాళం వాళ్ల దగ్గర ఉండిపోతుంది. పైథాన్ 3.4 నుంచి డిస్క్రిప్టర్లు వాటంతటవి పిల్లలకు పోవు. సీ, సీ ప్లస్ ప్లస్‌లో తెరిచేటప్పుడే ఓ క్లోఎగ్జెక్ జెండా మీరే పెట్టాలి. ప్రధాన సాఫ్ట్‌వేర్ రీస్టార్ట్ చేస్తే "ఈ అడ్రస్ ఇప్పటికే వాడుకలో ఉంది" అంటుంటే, పాత పిల్ల ఎవరో నెట్‌వర్క్ సాకెట్‌ను వారసత్వంగా పట్టుకున్నారేమో ముందు చూడండి. లాక్ ఫైల్‌ను రన్ ఫోల్డర్ కింద పెట్టండి, అది ర్యామ్‌లో ఉంటుంది, కరెంటు పోతే దానితోపాటే పోతుంది.

డిస్కు నిండిందని డీఎఫ్ ఆదేశం చెబుతుంది, డీయూ ఆదేశంతో ఫైళ్ల సైజులు కూడితే అంత లెక్క రాదు. లాగ్ ఫైల్ చెరిపేశారు కానీ పాత రీడర్ ఎవరో దాన్ని తెరిచే ఉంచారు. ఎల్‌ఎస్‌ఓఎఫ్ ఆదేశానికి ప్లస్ ఎల్ 1 ఇస్తే ఆ పేరు బయటపడుతుంది.

సిస్టమ్‌డీకి అప్పగించడం

ప్రధాన సాఫ్ట్‌వేర్‌ను డెస్క్‌టాప్ ఐకాన్ నుంచి కాకుండా సిస్టమ్‌డీ సర్వీసుగా నడిపితే సగం భయం పోతుంది. కిల్‌మోడ్ మామూలుగానే కంట్రోల్ గ్రూప్ అని ఉంటుంది, సర్వీసు ఆపితే పిల్లలు, మనవళ్లు, వేరే సెషన్‌కు పోయినవాళ్లతో సహా అందరికీ సిగ్నల్ పోతుంది. దాన్ని ప్రాసెస్ అని మార్చకండి. ఆగడానికి ఇచ్చే గడువు మామూలుగా 90 సెకన్లు, కాంటా గదికి అది మరీ ఎక్కువ, టైమ్‌అవుట్ స్టాప్ సెక్‌ను 15 చేయండి. పై వరుసలోని 3, 5, 2 సెకన్లు కలిపినా 10 దాటవు కాబట్టి సరిపోతుంది. రన్‌టైమ్ డైరెక్టరీ ఇస్తే లాక్ ఫైళ్ల ఫోల్డర్‌ను సర్వీసు ఆగగానే అదే తుడిచేస్తుంది. 10 సెకన్లలో 5 సార్లకు మించి మొదలైతే సిస్టమ్‌డీ ఇక మొదలుపెట్టదు. పోర్టు దొరకని రోజు ఈ పరిమితి తగిలి సర్వీసు ఆగిపోతుంది కాబట్టి రీస్టార్ట్ సెక్‌ను 5 చేయండి.

డాకర్‌లో నడిపేవారికి ఒక్క మాట: ఇనిట్ ఆప్షన్ ఇవ్వకపోతే మీ ప్రోగ్రామే 1వ నంబరు ప్రాసెస్, అనాథలను ఊడ్చేవాళ్లు ఎవరూ ఉండరు.

విండోస్ ఉన్న మిల్లుల్లో

టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ ట్యాబ్, పైన వరుస పేర్ల మీద రైట్ క్లిక్, సెలెక్ట్ కాలమ్స్, హ్యాండిల్స్ (విండోస్‌లో డిస్క్రిప్టర్ల లాంటివి). ఇక్కడ కూడా పది తూకాల లెక్కే. తూకానికి రెండు చొప్పున పెరుగుతుంటే క్రియేట్ ప్రాసెస్ ఇచ్చిన రెండు హ్యాండిళ్లు, ప్రాసెస్‌ది ఒకటి, థ్రెడ్‌ది ఒకటి, మూయలేదని మొదటి అనుమానం. ఒకదాన్ని మూసి రెండోదాన్ని మరిచిపోవడం చాలా మామూలు. విండోస్‌లో సీరియల్ పోర్టును రెండోవాడు తెరవలేడు, యాక్సెస్ డినైడ్ అంటుంది, కాబట్టి తప్పు తూకం భయం తక్కువ. పాత రీడర్ పోలేదని ఆ ఎర్రరే చెబుతుంది. పిల్లలందరినీ కట్టేయడానికి జాబ్ ఆబ్జెక్ట్ పెట్టి, కిల్ ఆన్ జాబ్ క్లోజ్ జెండా ఇవ్వండి. టెర్మినేట్ ప్రాసెస్ పిలుపు లైనక్స్ 9వ సిగ్నల్ లాంటిదే, మర్యాద మెట్టు దానికి లేదు. అందుకే మాట పంపే పైపు మూసే పద్ధతి ఇక్కడ ఇంకా అవసరం.

పరిమితి పెంచకండి, తగ్గించి పరీక్షించండి

ఎర్రర్ రాగానే 1024ను 65,536 చేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. రోజుకు 360 చొప్పున అది 182 రోజులకు నిండుతుంది. అంటే యాసంగిలో దాచిన జబ్బు వానాకాలం వడ్లప్పుడు లేస్తుంది, అప్పటికి కోడ్ రాసినవాళ్లు కూడా మరిచిపోయి ఉంటారు. పరీక్షించేటప్పుడు దీనికి ఎదురు చేయాలి. యూలిమిట్ ఎన్ ఆదేశంతో పరిమితిని 64కు దించి సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టండి. తూకానికి మూడు పోతుంటే ఇరవై తూకాలు కూడా దాటదు. మూడు రోజులు ఆగి చూడాల్సింది రెండు నిమిషాల్లో తేలుతుంది.

పరీక్ష ఇలా: ముందు 5 సార్లు రీడర్‌ను మొదలుపెట్టి ఆపండి. లైబ్రరీలు మొదటిసారి తెరుచుకునే ఫైళ్లు తెరుచుకుంటాయి, అవి లీక్ కావు. అప్పుడు డిస్క్రిప్టర్లు, పిల్లలు, థ్రెడ్‌లు, ఎస్‌హెచ్‌ఎం ఫైళ్లు, నాలుగు అంకెలూ రాసుకోండి. 200 సార్లు తిప్పి మళ్లీ చూడండి. నాలుగూ మొదటివే ఉండాలి. ఒకటి రెండు ఎక్కువైనా సర్దుకుపోకండి, 200కు రెండు అంటే ఎర్రర్ దారిలో ఎక్కడో చిల్లు ఉంది.

ఈ 200లో అన్నీ సాఫీగా సాగేవి పెట్టకండి. 40 సార్లు లేని పోర్టు పేరు ఇవ్వండి. 40 సార్లు మొదలుపెట్టిన 10 మిల్లీసెకన్లకే ఆపండి. 20 సార్లు రీడర్‌కు బయటి నుంచి 9వ సిగ్నల్ పంపండి. 20 సార్లు ఆపే ఫంక్షన్‌ను రెండుసార్లు పిలవండి. ఓ ఐదుసార్లు నడుస్తుండగా యూఎస్‌బీ కన్వర్టర్ లాగి మళ్లీ పెట్టండి. ఇంకో ఐదుసార్లు రీడర్‌ను పది నిమిషాలు వదిలేసి, చాయ్ తాగిరాని డ్రైవర్ లారీలా, తర్వాత ఆపండి.

ఇంత చేసే ముందు అసలు ఒక ప్రశ్న వేసుకోండి: ప్రతి లారీకీ రీడర్‌ను పుట్టించి చంపడం అవసరమా? ఒకే కాంటా, ఒకే ఇండికేటర్ ఉన్నచోట అవసరం లేదు. పొద్దున ఒక్కసారి మొదలుపెట్టి, పోర్టు దానికే అప్పగించి, బరువు కావాల్సినప్పుడు పైపు మీద అడిగి తెచ్చుకోవడమే సరైన ఏర్పాటు. రోజుకు 120 అవకాశాల బదులు ఒక్కటే. కన్వర్టర్ ఊడి తగులుకున్నప్పుడు పోర్టును మూసి మళ్లీ తెరిచే పని ఆ రీడర్‌లో రాయాలి, 2 సెకన్ల ఎడంతో. రెండు మూడు రకాల ఇండికేటర్లు మార్చి మార్చి వాడేచోట, లేదా రీడర్ వేరే కంపెనీ ఇచ్చిన మూసిన ప్రోగ్రాం అయితే పుట్టించి ఆపక తప్పదు, అప్పుడే పై వరుసంతా.

సీజన్ మధ్యలో కోడ్ మార్చే వీలు లేకపోతే రాత్రి రెండు గంటలకు సర్వీసును రీస్టార్ట్ చేసే టైమర్ పెట్టండి. రోజుకు 360 మిగిలినా 1024 దాటదు. దానికి ముందు వరుసలోనే అప్పటి డిస్క్రిప్టర్ల సంఖ్యను లాగ్‌లో రాయించండి, లేకపోతే టైమర్ శాశ్వతమైపోయి లీక్ ఎంతుందో కూడా తెలియకుండా పోతుంది.

ఇవన్నీ సరిచేసినా రీడర్‌లో ఒక్క కాపలా ఉంచండి. ఇండికేటర్ పంపే ఫ్రేమ్ పొడవు ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది, అంతకు ఒక్క అక్షరం తగ్గినా పెరిగినా ఆ కొలతను పారేయండి. వరసగా ఐదు కొలతలు ఒకటే వచ్చేదాకా బరువు తీసుకోవద్దు. రోజూ మొదటి లారీకి ఇండికేటర్ మీద కనిపించే అంకెను, చిట్టీ మీద పడ్డ అంకెను గుమాస్తా పక్కపక్కన పెట్టి చూడాలి. తేడా వస్తే వెంటనే చిట్టీలు చేత్తో రాయడం మొదలుపెట్టి, పీఎస్ జాబితాలో రీడర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఒకటికి మించి ఉంటే, నిన్న సాయంత్రం నుంచి ఇచ్చిన చిట్టీలన్నీ మళ్లీ సరిచూడాలి.